ఏటవతలి బావి నీళ్ళు

పెనం మీద రొట్టె మాడుతోంది. లుగార్దా దాన్ని తిప్పలేదు.

వంటిల్లంతా పొగ కమ్ముకుంది. కొరీనా లేచి వెళ్ళి రొట్టెను వేళ్ళతోనే లాగి పక్కన పడేసింది. పెనం దించింది. తల్లి ఆమె వైపు చూడలేదు. పిండి ముద్దను అలాగే చేత్తో పట్టుకుని, కిటికీలోంచి ఏటి వైపు చూస్తూ నిలబడింది.

"ఏటవతల." పొద్దుటి నుంచీ అడగ్గా అడగ్గా ఆమె అన్నది ఆ ఒక్క మాటే. 

నిన్న చర్చిలో లుగార్దా కూతురు వయోలా సంవత్సరీకం పూజ అయ్యాక అందరూ హాల్లో కాఫీ తాగుతున్నారు. ఎవరో ముసలామె లుగార్దా భుజం నిమిరి, "పాపం, ముగ్గురాడపిల్లల్లో దేవుడు నీకు ఒక్కదాన్నే మిగిల్చాడు" అంది. "ఇద్దర్ని" అంది లుగార్దా, కప్పులోకి చూస్తూ. చెవుడున్న ఆ ముసలామెకు వినపడలేదు. పక్కన నిలబడ్డ కొరీనాకు వినపడింది. ఆ రెండోది ఎక్కడుందని పొద్దుటి నుంచీ అడుగుతోంది.

"అమ్మా, ఏటవతల ఉన్నవి రెండే ఇళ్ళు" అంది కొరీనా. "ఒకదానికి ఎప్పుడో తాళం పడింది. ఇంకొకటి జెనోవేవా పిన్నిది."

లుగార్దా పిండి ముద్దను పళ్ళెంలోకి విసిరింది.

"డాక్టరువి కదా. ఊరందరి వంశాలూ నీ నోట్లో ఉంటాయి కదా. లెక్కేసుకో."

"పిన్ని వాళ్ళ బెర్నడెట్టా?"

జవాబు రాలేదు. ఆ ఇంట్లో కాదంటే అరుస్తారు. అవునంటే ఊరుకుంటారు. అది కొరీనాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఆమె కుర్చీలో కూలబడింది. ఒళ్ళంతా అలసటగా ఉంది. నిన్న మొన్నటి అలసట కాదది. ఇరవయ్యేళ్ళుగా నెలనెలా డెన్వర్ నుంచి కనుమ దాటి కారు నడుపుకుంటూ ఈ లోయకు వస్తోంది. ప్రతి వంటింట్లోనూ కూర్చుంది. మీ అమ్మమ్మ ఎట్లా పోయింది, మీ మేనత్త ఏ వయసులో పోయింది అని అడిగింది. "ఆడవాళ్ళ జబ్బులే" అని తల తిప్పుకునే వాళ్ళ చేత మెల్లగా చెప్పించింది. తరతరాలుగా ఒకే కుటుంబంలో రొమ్ము క్యాన్సర్ ఎందుకు వస్తోందో, ఏ జన్యువులోని తప్పు రక్తంలో పారుతోందో పట్టుకుంది. తనలోనూ అదే తప్పు ఉందని తెలిశాక, జబ్బు రాకముందే రెండు రొమ్ములూ తీయించుకుంది.

ఈ లోయలో పిల్లల్ని పెంపకానికి ఇవ్వడం మామూలే. మొదటి బిడ్డను అవ్వకిస్తారు. పిల్లల్లేని స్నేహితురాలికి ఒకరినిస్తారు. అందుకే కొరీనా వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఆఖరికి ఒక ప్రశ్న అడిగేది. "ఎవరికైనా పెంపకానికి ఇచ్చిన బిడ్డలున్నారా?" తన దగ్గర పని నేర్చుకునే కుర్ర డాక్టర్లు ఆ ప్రశ్న మర్చిపోతే మండిపడేది.

ఆ ప్రశ్న ఒక్క ఇంట్లోనే అడగలేదు. ఈ ఇంట్లో.

"నాకు ఆరేళ్ళు" అంది కొరీనా. "నువ్వూ నాన్నా, జెనోవేవా పిన్నీ వాళ్ళూ కలిసి దుంపల పనికి ఉత్తరానికి వెళ్ళారు. మమ్మల్ని నానమ్మ దగ్గర వదిలేశారు. తిరిగొచ్చినప్పుడు పిన్ని చేతిలో పాప ఉంది. నువ్వు ట్రక్కు దిగి తిన్నగా ఇంటి వెనక్కి వెళ్ళిపోయావు."

"పాలు కారుతున్నాయి" అంది లుగార్దా. "రవిక తడిసిపోయింది. జనం ముందు ఎట్లా నిలబడను?"

 పొయ్యిలో కట్టె చిటపటమంది.

"ఎందుకిచ్చావమ్మా? తిండి లేకనా?"

"ఏడిశావ్. తిండికేం తక్కువ ఈ ఇంట్లో?" లుగార్దా చేతులు గుడ్డకు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. కూర్చునేటప్పుడు మోకాళ్ళు పట్టుకుంది. "మీ నాన్న చెల్లెళ్ళు ముగ్గురూ ఈ ఇంట్లో పుట్టారు. ఈ బావి నీళ్ళే తాగారు. నేను కాపురానికొచ్చాక ఒకదాని తర్వాత ఒకటి ఆ మూలగదిలోనే మంచం పట్టారు. కట్లు ఉతికింది నేను. ఆ వాసన నీకు తెలీదు. ఇప్పుడు ఆసుపత్రుల్లో అన్నీ కప్పేస్తారు."

"తెలుసమ్మా."

"తెలీదు. ఊరుకో. జబ్బు గోడల్లో ఉందనుకున్నా. సున్నం కొట్టించా. ఫాదర్‌ని పిలిచి తీర్థం చల్లించా. చివరికి నీళ్ళలో ఉందనుకున్నా. అప్పటికే మీరు ముగ్గురూ ఆ నీళ్ళు తాగి పెరుగుతున్నారు. మిమ్మల్నేం చేయగలను? మళ్ళీ కడుపొచ్చింది. ఈ ఒక్కదాన్నైనా ఈ బావి నీళ్ళు తాగనివ్వకూడదనుకున్నా." ఆమె కిటికీ వైపు గడ్డంతో చూపించింది. "జెనోవేవా వాళ్ళ బావి వేరు. కొండ వైపు నీళ్ళు. తియ్యగా ఉంటాయి."

కొరీనా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

గోడల్లో లేదు, నీళ్ళలో లేదు, ఎవరి శాపమూ కాదు అని ఎన్ని వందల మందికి చెప్పిందో. బడుల్లో చెప్పింది, చర్చి మెట్ల మీద చెప్పింది, తిరునాళ్ళలో బల్ల వేసుకుని కూర్చుని చెప్పింది. ఇప్పుడు సొంత తల్లికి చెప్పాల్సి వచ్చింది.

"అది నీళ్ళలో లేదమ్మా. నాన్న వైపు రక్తంలో ఉంది. నాన్నకు జబ్బు రాకపోయినా బిడ్డలకు రావచ్చు. బెర్నడెట్ ఏ నీళ్ళు తాగినా ఒకటే."

"తెలుసు."

కొరీనా తలెత్తింది.

"తెలుసే! నువ్వే కదా చెప్పావ్, మీ అక్క ఓర్లిండా చనిపోయిన ఏడాది. ఇక్కడే కూర్చుని, ఇదే బల్ల మీద చిక్కుడు గింజలు పేర్చి చూపించావ్. తండ్రి దగ్గర్నుంచి సగం, తల్లి దగ్గర్నుంచి సగం అని. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఓర్లిండా కోసం ఏడుస్తున్నానని నువ్వనుకున్నావ్."

"అప్పటి నుంచీ తెలిసి ఊరుకున్నావా?" కొరీనా గొంతు లేచింది. "ఇన్నేళ్ళా? తర్వాత వయోలా కూడా పోయింది కదమ్మా! అప్పుడైనా నోరు రాలేదా?"

"అరవకు. నా ఇల్లిది."

"నీ ఇల్లే. నీ ఇల్లే కాబట్టి అడుగుతున్నా!"

"అది బాగుందే! పాతికేళ్ళ పిల్లలా తిరుగుతోంది. గొర్రెల్ని ఒంటి చేత్తో ఎత్తి పడేస్తుంది. రోజూ నా కళ్ళ ముందు ఏరు దాటి పోతుంది, వస్తుంది. దేవుడు ఒకదాన్ని వదిలేశాడు, నేను దాచింది ఆయనకు కనపడలేదు అనుకున్నా. చాలు అనుకున్నా. అంతకంటే ఎవరేం అడుగుతారు?"

"వయోలా కూడా బాగానే ఉండేదమ్మా. బంగాళాదుంపల తవ్వకం కానీ, అప్పుడు చూపించుకుంటా అంది. తవ్వకం అయ్యింది."

లుగార్దా మొహం తిప్పుకుంది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని కొరీనాకు అనిపించింది. అన్నాక ఏం లాభం.

ఆమె లేచి తల్లికి కాఫీ పోసి ముందు పెట్టింది. లుగార్దా తాకలేదు.

"చెప్పాలమ్మా. నువ్వే చెప్పాలి."

"చెప్పను. బాప్టిజం రోజున నేనే దానికి నీనాగా నిలబడ్డా. సొంత బిడ్డకు జ్ఞానతల్లిగా నిలబడి ఫాదర్‌తో అబద్ధమాడినదాన్ని. ఆ తొట్టి దగ్గరే, బిడ్డ తల్లీ జ్ఞానతల్లీ పిలుచుకునే వరసతో పిలిచి, జెనోవేవా చేయి పట్టుకుని చెప్పా. కొమాద్రే, నీ ఊపిరి ఉన్నంత కాలం ఇది నీ బిడ్డే, నా నోటి నుంచి ఒక్క మాట రాదు అని. జెనోవేవా ఇంకా బతికే ఉంది. పక్షవాతంతో నోరు వంకర పోయింది గానీ, ఊపిరి ఉంది."

"పిన్ని ఈ చలికాలం దాటుతుందో లేదో..."

"ఛీ! అది చచ్చేదాకా కాచుకుని కూర్చోమంటావా? చస్తే చెబుతా అనా?"

"కాచుకోవద్దంటున్నా!"

"అయితే నువ్వే చెప్పుకో. చదువుకున్నదానివి. దేశమంతా చెప్పినదానివి."

"నేను చెప్పకూడదు. అది మా పనిలో నియమం. ఒకరింటి రహస్యం మోసుకుని డాక్టరు తనంతట తాను వెళ్ళి ఇంకొకరి తలుపు తట్టకూడదు. ఇంటివాళ్ళు చెప్పాలి, వాళ్ళు రావాలి. నేను ఆ గీత దాటితే రేపు ఏ ఇంటివాళ్ళు నా ముందు నోరు విప్పుతారు?"

లుగార్దా కూతురి వైపు తీక్షణంగా చూసింది.

"ఇంటివాళ్ళంటే ఎవరే? నువ్వీ ఇంటి మనిషివి కాదా?"

 కొరీనా బల్ల మీద పిండి మరకను వేలితో రుద్దుతూ కూర్చుంది. చెప్పకూడదనుకున్న మాట ఇంకొకటి మిగిలింది. అది కూడా చెప్పేసింది.

"ఊళ్ళో తిరునాళ్ళప్పుడు హాల్లో రక్తాలు తీశాను, గుర్తుందా? మన లాంటి కుటుంబాల రక్తాల పక్కన పెట్టి చూడ్డానికి, ఈ జబ్బు ఇంట్లో ఎవరికీ లేనివాళ్ళు కావాలన్నాను. అందరూ సిగ్గుపడుతుంటే మొదట వచ్చి చేయి చాపింది బెర్నడెట్టే. 'మా ఇంట్లో ఎవరికీ లేదు, నేను పనికొస్తా' అని."

"అయితే?"

"ఆ రక్తాల్లో ఒకదాంట్లో మన రక్తంలోని తప్పే కనపడింది."

లుగార్దా చేయి కాఫీ కప్పు మీదికి వెళ్ళి, అక్కడే ఆగింది.

"అది... దానిదేనా?"

"తెలీదు. పేర్లు తీసేసి పంపాము. ఎవరిదో తెలుసుకోవడానికి వీల్లేదు. ఏడాదిగా ఆ ఒక్క చుక్క నన్ను నిద్రపోనివ్వడం లేదమ్మా. అంగట్లో ఆడవాళ్ళను చూస్తే, నువ్వేనా, నువ్వేనా అని మొహాలు చూస్తున్నా. నిన్న నువ్వు 'ఇద్దర్ని' అన్నాక..." ఆమె ఆగిపోయింది. "వేరెవరిదైనా కావచ్చు. బెర్నడెట్‌కు అసలు లేకపోనూవచ్చు. సగానికి సగం అవకాశం. కానీ పరీక్ష చేయించుకోవాలంటే ముందు తను ఎవరి బిడ్డో తెలియాలి కదా."

బయట ట్రక్కు ఆగిన చప్పుడైంది. కాల్చిన పచ్చిమిరప కాయల కమ్మని ఘాటు తలుపు సందులోంచి ముందు వచ్చింది. వెనకే బెర్నడెట్ గొంతు.

"నీనా! ఏంటీ పొగ? మళ్ళీ రొట్టెలు మాడ్చావా? ఇట్లాగైతే నీకిక పెళ్ళి కాదు, చెబుతున్నా!"

తలుపు భుజంతో నెట్టుకుని లోపలికి వచ్చింది. చేతుల్లో తడి గోనెసంచి, అందులో ఇంకా పొగలు కక్కుతున్న మిరపకాయలు. సంచి బల్ల మీద దించి, లుగార్దా తల మీద ముద్దు పెట్టి, కొరీనా వైపు చూసి కనుబొమలెగరేసింది.

"డాక్టరమ్మ గారు ఇంకా వెళ్ళలేదా? రోగులంతా బాగైపోయారా ఏం?"

"రేపు వెళ్తా" అంది కొరీనా.

"అయితే కూర్చుని తొక్కలు తియ్. ఊరికే కూర్చుంటే వేళ్ళు తుప్పు పడతాయి."

ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఈ నెలలో ప్రతి ఇంట్లోనూ ఇదే పని. కాల్చిన కాయల పైతొక్క తీసి, శీతాకాలానికి దాచుకోవాలి. లుగార్దా పళ్ళేలు సర్దింది.

"చేతులకు తొడుగులు వేసుకోవా?" అంది కొరీనా.

"తొడుగులా? పట్నం వేషాలు." బెర్నడెట్ నవ్వి ఒక కాయ అందుకుంది.

ఊళ్ళో అందరూ కాయ కొస దగ్గర మొదలుపెడతారు. లుగార్దా మాత్రం తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి, తొక్కను ఒక్క లాగులో కిందికి తీస్తుంది. బెర్నడెట్ అట్లాగే తీసింది. చిన్నప్పటి నుంచీ ఈ బల్ల దగ్గరే నేర్చుకుంది కాబోలు, అంతే కాబోలు. అయినా కొరీనా ఆ వేళ్ళ మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

పదేళ్ళప్పుడు ఒకసారి ఏట్లో ఆడుకుని వచ్చి, "అమ్మా, బెర్నడెట్ నా చెల్లెలు" అంది కొరీనా. లుగార్దా చెంప ఛెళ్ళుమనిపించింది. "అది జెనోవేవా కూతురు. ఇంకోసారి ఆ మాట అన్నావంటే చూడు." ఆ దెబ్బ ఎందుకు తగిలిందో అప్పుడు అర్థం కాలేదు. పక్కనే ఉన్న బెర్నడెట్ కూడా బిక్కచచ్చిపోయింది. ఆ తర్వాత ఎవరూ ఆ మాట వాడలేదు.

"నీ రక్తాల లెక్క తేలిందా?" అంది బెర్నడెట్. "బిస్కెట్టు ఒకటి చేతిలో పెట్టి సగం ఒంట్లోది పీల్చావు. నాది మేలిరకం అని తేలిందా లేదా?"

కొరీనా తొక్క తీస్తున్న కాయ చిరిగిపోయింది.

"ఎవరిది ఏదో మాకు తెలీదు. పేర్లుండవు."

"అదేంటి, అంత కష్టపడి ఇస్తే? మా మారిసెలా అడుగుతోంది, కాలేజీలో ఇదే పాఠమంట. అమ్మా, మన ఇంట్లో ఏమీ లేదు కదా అని. ఏమీ లేదే తల్లీ, మీ అమ్మమ్మ వైపు వాళ్ళంతా తొంభై ఏళ్ళు బతికి, విసుగొచ్చి పోయారు అన్నా." ఆమె గట్టిగా నవ్వింది. నవ్వి, వెంటనే ఆపుకుంది. "తప్పు మాట్లాడా. వయోలా సంవత్సరీకం నిన్ననే కదా. క్షమించు నీనా."

"పర్లేదు" అంది లుగార్దా. వాళ్ళు కూర్చున్నాక ఆమె అన్న మొదటి మాట అదే.

బెర్నడెట్ ఆమె వైపు పరీక్షగా చూసింది. "ఏంటి, ఇద్దరూ పోట్లాడుకున్నారా? గాలి బరువుగా ఉంది."

లుగార్దా ఇంకో కాయ అందుకుంది.

"నా మీద కాదు కదా?" అని సరదాగా అని, తొక్కల చేత్తోనే నుదుటి మీది జుట్టు తోసుకుంది. ఘాటు కంటికి తగిలింది. "అబ్బా!" అని చేతి వెనుక భాగంతో కన్ను తుడుచుకుంది. వేళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "సరేలే. అసలు నేను వచ్చిన పని వేరే ఉంది నీనా."

"ఏంటి?"

"అమ్మ మాట ఇప్పుడు సగమే అర్థమవుతుంది కదా. నిన్న సాయంత్రం నుంచీ ఒకటే గొడవ. గంజి తాగదు, మందు మింగదు. లుగార్దా, లుగార్దా అంటుంది. ఏంటమ్మా, నీనాను పిలుచుకు రమ్మంటావా అంటే తల అడ్డంగా ఊపింది. పొద్దున చేయి పట్టుకుని దగ్గరికి లాక్కుంది." బెర్నడెట్ గొంతులో నవ్వు తగ్గింది. "నీది ఒకటి లుగార్దా దగ్గర ఉంది, వెళ్ళి అడుగు అంది. రెండు సార్లు చెప్పించుకున్నా. అదే మాట. కొమాద్రేతో చెప్పు, నేను వదిలేశాను అని. ఏం వదిలేసిందో ఏమో. నా దగ్గర లేనిది నీ దగ్గర ఏముంది నీనా? పాత నగలా?"

కొరీనా తల్లి వైపు చూడలేదు. 

చెప్పాల్సింది తను కాదు. ఆ సంగతి కొరీనా ఇరవయ్యేళ్ళుగా కుర్ర డాక్టర్లకు చెబుతూ వచ్చింది. గదిలోంచి ఎప్పుడు లేచి వెళ్ళాలో కూడా నేర్పింది. ఆమె కుర్చీ వెనక్కి జరిపింది.

"నేను బయట కాసేపు నడిచి వస్తా."

"కూర్చో" అంది లుగార్దా.

"అమ్మా, నేనుంటే..."

"కూర్చోమన్నానా!"

కొరీనా కూర్చోలేదు, వెళ్ళనూ లేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయింది. బెర్నడెట్ ఒకసారి ఈమె వైపు, ఒకసారి ఆమె వైపు చూసింది. ఆమె మొహంలో సరదా పోయింది గానీ, దాని చోట ఇంకా ఏదీ రాలేదు.

లుగార్దా పళ్ళెం పక్కకు జరిపింది. తన చేతుల్ని గుడ్డతో తుడుచుకుంది, ఒక్కో వేలూ విడివిడిగా. తర్వాత బెర్నడెట్ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, కందిన ఆ వేళ్ళను తిప్పి చూసింది. నలభై నాలుగేళ్ళలో ఎన్నిసార్లు చూసిందో ఆ చేతుల్ని. ఇంతసేపు ఎప్పుడూ పట్టుకోలేదు.

"కొరీనా" అంది. గొంతు మామూలుగానే ఉంది, అలసిపోయినట్టుగా, ఉప్పు అందుకో అన్నట్టుగా. "ఆ పాలు ఇలా పట్రా. నీ చెల్లెలి చేతులు మండిపోతున్నాయి."

బెర్నడెట్ చేతులు లాక్కోలేదు. మెల్లగా తలెత్తి, లుగార్దా వైపు కాదు, కొరీనా వైపు చూసింది.

పాలు ఎక్కడుంటాయో ఆ వంటింట్లో పుట్టి పెరిగిన కొరీనాకు గుర్తుకు రాలేదు.